మారుతి వదిలి వేరే కంపెనీ కారు తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఉన్న ఒక ఊరు. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. 2014లో స్విఫ్ట్ డిజైర్ డీజిల్ కారు కొన్నాను. ఇప్పటికి లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. ఇన్నేళ్లలో పెద్దగా ఇబ్బంది పెట్టలేదు గానీ ఈమధ్య రిపేర్ల ఖర్చు పెరిగింది, మార్చేద్దామనుకుంటున్నాం. ఇంట్లో నేను, నా భార్య, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ. నెలకు 900 కిలోమీటర్ల దాకా తిరుగుతాం. ఎక్కువగా ఊళ్లో, అప్పుడప్పుడు హైదరాబాద్, ఏడాదికోసారి తిరుపతి. నా భార్య ఈమధ్యే డ్రైవింగ్ నేర్చుకుంది, ఇకమీదట పిల్లల్ని స్కూలుకు తనే తీసుకెళ్తుంది. ఆన్‌రోడ్ 12 లక్షలు దాటకూడదు. మా మామయ్యేమో "మారుతి తప్ప ఇంకోటి వద్దు. ఎక్కడ ఆగినా మెకానిక్ దొరుకుతాడు, అమ్మితే డబ్బులొస్తాయి" అంటున్నారు. హైదరాబాద్‌లో ఉండే మా బామ్మర్ది "మారుతి అంటే రేకు డబ్బా, పిల్లలున్నారు కదా, టాటానో మహీంద్రానో తీసుకో" అంటున్నాడు. ఇన్నేళ్లు నమ్మిన కంపెనీని వదలాలంటే భయంగా ఉంది. మార్చమంటారా, వద్దంటారా?

సమాధానం: మార్చవచ్చు. మీ ఇంటి అవసరాలు చదివాక మార్చడమే మేలని నాకు అనిపిస్తోంది. అయితే ఒక షరతు ఉంది. మీరు వెళ్లబోయే కంపెనీ సర్వీస్ సెంటర్ మీ ఊరికి గంట ప్రయాణం లోపు ఉండాలి, అది సరిగ్గా పనిచేస్తోందని మీరు కళ్లారా చూసి తృప్తి పడాలి. అది కుదరకపోతే మారుతిలోనే ఉండండి. అక్కడా ఇప్పుడు పిల్లలకు భద్రమైన కారు దొరుకుతోంది. ఎటు వెళ్లినా మీరు పెద్దగా నష్టపోయేది లేదు, కాబట్టి ఇంత టెన్షన్ పెట్టుకోకండి.

ముందు మీ భయం సంగతి చూద్దాం. ఇన్నేళ్లు నమ్మిన కంపెనీ అన్నారు. మీ డిజైర్‌ను లక్షా అరవై వేల కిలోమీటర్లు లాగిన ఆ 1.3 లీటర్ల డీజిల్ ఇంజన్ నిజానికి ఇటలీకి చెందిన ఫియట్‌ది. లైసెన్సు తీసుకుని మన దేశంలోనే తయారు చేసి మారుతి దాన్ని డీడీఐఎస్ పేరుతో అమ్మింది. అదే ఇంజన్ ఫియట్ పుంటోలో మల్టీజెట్‌గా, టాటా ఇండికా విస్టాలో, ఆ తర్వాత జెస్ట్‌లో క్వాడ్రాజెట్‌గా వచ్చింది. అంటే పదేళ్లుగా మీరు మెచ్చుకుంటున్న ఇంజన్ టాటా బండ్లలో కూడా తిరిగింది.

అలాగని మారుతి గొప్పతనం ఏమీ లేదని కాదు. ఆ ఇంజన్‌ను తేలికైన బండిలో కూర్చోబెట్టింది, క్లచ్ ప్లేట్ల నుంచి ఫిల్టర్ల దాకా అన్నీ అందుబాటు ధరలో దగ్గర్లోనే దొరికేలా చేసింది, చిన్న పట్టణాల్లో కూడా వర్క్‌షాపులు పెట్టించింది. మీరు ఇన్నేళ్లు నమ్మింది దీన్ని. బానెట్ మీది గుర్తు కంటే సామాను దొరకడం, పని తెలిసిన చెయ్యి దగ్గర్లో ఉండడం మిమ్మల్ని నిశ్చింతగా ఉంచాయి. ఇవి రెండూ ఇంకో కంపెనీ దగ్గర దొరికితే మీ నమ్మకాన్ని అక్కడికి తీసుకెళ్లడంలో తప్పేమీ లేదు.

ఇంకో సంగతి. 2020 ఏప్రిల్‌లో వాహనాల కాలుష్యాన్ని తగ్గించే బీఎస్6 నిబంధనలు వచ్చినప్పుడు ఆ ఇంజన్ ఆగిపోయింది, మారుతి డీజిల్ కార్లే మానేసింది. కాబట్టి మారుతిలోనే ఉన్నా మీకు పాత డిజైర్ దొరకదు. పేరు అదే అయినా ఇప్పటి డిజైర్‌లో ఉన్నది మూడు సిలిండర్ల 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్. మీ పాతది 190 న్యూటన్ మీటర్ల టార్క్ (బండిని లాగే బలం) ఇచ్చేది, కొత్తది దాదాపు 112 ఇస్తుంది. రోజువారీ తిరుగుడుకు ఇది చాలు, మైలేజీ కూడా బాగుంటుంది. కానీ ఐదుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టుకుని, ఏసీ వేసుకుని తిరుమల ఘాట్ ఎక్కుతుంటే తేడా మీ కాలికి తెలుస్తుంది. గేరు దించి ఎక్కించాల్సి వస్తుంది. అంటే కంపెనీ మార్చకపోయినా మీ బండి మారిపోతోంది.

గుర్తును చూసి కారును అంచనా వేయడం ఈ రోజుల్లో ఇంకా కష్టం. టయోటా గ్లాంజా అంటే మారుతి బలెనోనే, టయోటా టైసర్ అంటే ఫ్రాంక్స్‌నే. రెండింటినీ మారుతి తయారు చేసి ఇస్తుంది. కియా సోనెట్, హ్యుందాయ్ వెన్యూ అన్నదమ్ముల లాంటివి, ఇంజన్లు చాలావరకు ఒకటే. మీరు గ్లాంజా కొంటే మారేది కారు కాదు, సర్వీస్ చేసే షెడ్డు.

ఇక మీ మామగారి మాట. దాన్ని పాతకాలపు మాట అని కొట్టిపారేయకండి. 1983లో మారుతి 800 వచ్చినప్పటి నుంచి మన దేశంలో మధ్యతరగతికి కారు భయం పోగొట్టింది ఆ కంపెనీయే. అప్పటి తరానికి మారుతి అంటే నడిరోడ్డు మీద ఇబ్బంది పడకుండా ఇంటికి చేరడం. పైగా ఆయన భయానికి ఆ తర్వాత కూడా రుజువులు దొరికాయి. షెవర్లే పేరుతో కార్లు అమ్మిన జనరల్ మోటార్స్ 2017 చివరికల్లా మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ కార్ల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. 2022లో డాట్సన్ పేరు పోయింది. ఆ కార్లు కొన్నవాళ్లను కంపెనీలు పూర్తిగా గాలికి వదిలేయకపోయినా, షోరూములు మూతపడటం, అమ్మబోతే ధర పడిపోవడం చూసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. కాబట్టి ఎవరూ ఎరగని కంపెనీ వైపు, ఇక్కడ అమ్మకాలు అంతంత మాత్రంగా ఉన్న కంపెనీ వైపు వెళ్లవద్దన్నంత వరకు మీ మామగారి మాటే నా మాట.

కానీ ఆయన చెప్పే రెండు కారణాలు మీ విషయంలో అంత బరువైనవి కావు. మొదటిది, ఎక్కడైనా మెకానిక్ దొరకడం. ఇప్పటి కార్లలో లోపం ఏమిటో చెప్పేది స్కానర్. వారంటీ ఉన్నంత కాలం మీరు కంపెనీ వర్క్‌షాపుకే వెళ్తారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుంటే ఇంకొన్నేళ్లు కూడా అంతే. రోడ్డు పక్క మెకానిక్ అవసరం ఆ తర్వాతి మాట. రెండోది, అమ్మితే వచ్చే ధర. నాలుగేళ్లకోసారి కారు మార్చేవాళ్లకు అది పెద్ద లెక్కే. మీరు ఒకే కారును పదేళ్లు దాటి వాడారు. కొత్తదాన్నీ అలాగే వాడతారు. పదేళ్ల తర్వాత రెండు కంపెనీల పాత కార్ల మధ్య ధరలో తేడాను ఆ పదేళ్లకు పంచితే ఏడాదికి పడేది చిన్న మొత్తం. దానికోసం రోజూ వాడే కారును ఎంచుకోవద్దు.

మీ బావమరిది మాటలో భద్రత గురించిన ఆందోళన నిజమైనది. పిల్లల మేనమామగా ఆయన అడగాల్సిన ప్రశ్నే అడుగుతున్నారు. కానీ కంపెనీ పేరుతో జవాబు చెప్పడమే సరికాదు. కార్లను గుద్దించి చూసి భద్రతకు ఐదు దాకా నక్షత్రాలు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో 2022లో స్విఫ్ట్‌కు, 2023లో వ్యాగన్ఆర్‌కు ఒక్కో నక్షత్రమే వచ్చింది. అదే మారుతి తయారు చేసిన కొత్త డిజైర్‌కు 2024 నవంబర్‌లో పెద్దల భద్రతలో ఐదు నక్షత్రాలు వచ్చాయి. మహీంద్రా సంగతి కూడా అంతే. ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓకు మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు, బొలెరో నియోకు 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో ఒక్కటే. మన దేశంలో తయారైన కార్లలో మొదటిసారి ఐదు నక్షత్రాలు తెచ్చుకున్నది 2018లో టాటా నెక్సాన్, ఆ ఘనత వాళ్లదే. అయినా టాటా కార్లన్నీ నెక్సాన్లు కావు. ఒకే షోరూములో ఒక నక్షత్రం కారు, ఐదు నక్షత్రాల కారు పక్కపక్కన నిలబడి ఉండవచ్చు. మీరు చూడాల్సింది ఆ మోడల్‌కు ఎన్ని వచ్చాయి, ఏ సంవత్సరంలో పరీక్షించారు అన్నది. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ నిబంధనలు కఠినం అయ్యాయి కాబట్టి అంతకుముందు వచ్చిన నక్షత్రాలను ఇప్పటివాటితో సమానంగా లెక్కపెట్టకూడదు. 2023 అక్టోబర్ నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ కూడా ఉంది. అందులో పెద్దల భద్రతకు 32 పాయింట్లు, పిల్లల భద్రతకు 49 పాయింట్లు వేరువేరుగా వేస్తారు. మీ ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు కాబట్టి రెండో అంకె తప్పకుండా అడగండి.

ఇక్కడ కాస్త ఆగి ఒక మాట గట్టిగా చెప్పాలి. ముందు నుంచి గుద్దే పరీక్షను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. లోపలున్న బొమ్మలన్నిటికీ సీటు బెల్టులు ఉంటాయి, పిల్లల బొమ్మలు చైల్డ్ సీట్లలో కూర్చుని ఉంటాయి. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ముందు సీట్లో ప్రయాణిస్తే ఆ ఐదు నక్షత్రాలు పాపకు వర్తించవు. పైగా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే వేగానికి అదే ప్రమాదం కావచ్చు. నాలుగేళ్ల పాపకు వెనక సీటులో ఉండే ఐసోఫిక్స్ కొక్కేలకు బిగించే చైల్డ్ సీటు, బాబుకు బెల్టు మెడ మీదికి రాకుండా భుజం మీదుగా వచ్చేలా బూస్టర్ సీటు కొనండి. ఈ రెండింటి ఖర్చు కారు బడ్జెట్‌లోనే ముందుగా పక్కన పెట్టండి. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ కోసం పెట్టే అదనపు డబ్బుతో ఇవి రెండూ హాయిగా వస్తాయి. మీ అమ్మగారికి కూడా వెనక సీట్లో బెల్టు అలవాటు చేయండి. ఇద్దరు పిల్లల సీట్లు, అమ్మగారు కలిసి వెనక సరిపోతారో లేదో షోరూములోనే చూసుకోండి. రెండు సీట్లు బిగించాక మధ్యలో పెద్దమనిషికి చోటు ఇరుకవుతుంది. అప్పుడు అమ్మగారు ముందు, మీలో ఒకరు వెనక కూర్చోవడమే సుఖం.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు బాగా తట్టింది ఇంకోటి. మామగారు ఏమంటున్నారో రాశారు, బావమరిది ఏమంటున్నారో రాశారు. రోజూ స్టీరింగ్ పట్టుకోబోయే మీ శ్రీమతి ఏమంటున్నారో రాయలేదు. కంపెనీ మార్పు వల్ల అందరికంటే ఎక్కువ తేడా పడేది ఆమెకే. ఆమె పాత డిజైర్ మీదే నేర్చుకుని ఉంటే ఆమె చేతులకు ఆ బండి అలవాటు. అందులో రివర్స్ గేరు కుడివైపు కిందికి, ఐదో గేరుకు సరిగ్గా కింద ఉంటుంది. హ్యుందాయ్, కియాల్లో లివర్ కింద ఉన్న రింగు పైకి లాగి ఎడమవైపు పైకి వేయాలి. స్కోడాలో లివర్‌ను కిందికి నొక్కి వేయాలి. స్కోడా, ఫోక్స్‌వాగన్ కార్లలో ఇండికేటర్ స్టీరింగ్‌కు ఎడమవైపు ఉంటుంది, వైపర్ కుడివైపు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు మొదటి రోజుల్లో మలుపు దగ్గర ఇండికేటర్ వేయబోయి వైపర్ వేస్తారు. పది రోజుల్లో అలవాటవుతుంది గానీ ఆ పది రోజులూ పిల్లలు లేకుండా తెల్లవారుజామున ఖాళీ రోడ్ల మీద తిప్పాలి.

డీజిల్ నుంచి పెట్రోల్‌కు మారినప్పుడు ఇంకో ఇబ్బంది ఉంటుంది. మీ పాత కారు క్లచ్ మెల్లగా వదిలితే యాక్సిలరేటర్ తొక్కకపోయినా ముందుకు కదిలేది. చిన్న పెట్రోల్ ఇంజన్లు అలా వదిలితే కొన్నిసార్లు ఆగిపోతాయి. స్కూలు గేటు ముందు, వెనక ఆటోలు హారన్ కొడుతుంటే రెండుసార్లు ఆగిందంటే మళ్లీ డ్రైవింగ్ జోలికి పోనని అనేవాళ్లు ఉంటారు. నన్నడిగితే బడ్జెట్‌లో వీలైతే ఆమె కోసం ఆటోమేటిక్ తీసుకోండి. తక్కువ ధరలో దొరికే ఏఎంటీ (మామూలు గేరుబాక్సుకే క్లచ్, గేర్ల పని మెషీన్ చేసే రకం) గేరు మారేటప్పుడు కొంచెం తల ఊగుతుంది, ఊళ్లో వాడకానికి సరిపోతుంది. క్లచ్ ప్లేటు బదులు ఆయిల్‌తో పనిచేసే టార్క్ కన్వర్టర్ ఉన్నది మరింత నున్నగా పోతుంది, ధర ఎక్కువ, పెట్రోల్ కాస్త ఎక్కువ తాగుతుంది. ఏది తీసుకున్నా ఎత్తు మీద ఆపినప్పుడు వెనక్కి జారకుండా పట్టుకునే హిల్ హోల్డ్ ఉండాలి.

టెస్ట్ డ్రైవ్‌కు మీరొక్కరే వెళ్లి రావద్దు. నడిపేది ఆమె అయి ఉండాలి. సీటు ఎత్తు పెంచుకునే వీలుందా, పెంచుకున్నాక బానెట్ అంచు కనిపిస్తోందా, వెనక అద్దంలో రోడ్డు ఎంత కనిపిస్తోంది, క్లచ్ కాలికి బరువుగా ఉందా అని ఆమెనే చెప్పనివ్వండి. సేల్స్ అబ్బాయి మీ వైపు తిరిగి మాట్లాడుతుంటే ఆమెతో మాట్లాడమని చెప్పండి.

అదే రోజు అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. నేను కంపెనీ మార్పు వైపు మొగ్గడానికి అసలు కారణం ఆమె మోకాళ్లే. డిజైర్ లాంటి సెడాన్‌లో సీటు కిందికి ఉంటుంది. కూర్చునేటప్పుడు ఒళ్లు కిందికి వదలాలి, లేచేటప్పుడు బరువంతా మోకాళ్ల మీద వేసి పైకి రావాలి. కాంపాక్ట్ ఎస్‌యూవీలో సీటు దాదాపు నడుము ఎత్తులో ఉంటుంది, పక్కకు జరిగి కూర్చోవచ్చు. అయితే మరీ ఎత్తుగా ఉన్నా కాలు పైకెత్తి ఎక్కాలి, అదీ నొప్పే. చీర కట్టుకుని ఆమె రెండు మూడు సార్లు ఎక్కి దిగితే ఏ కారు నప్పుతుందో అక్కడే తేలిపోతుంది. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందో, పైన పట్టుకోవడానికి హ్యాండిల్ ఉందో లేదో కూడా చూడండి. ముందు సీటు, వెనక సీటు రెండింట్లో ఎక్కించి చూడండి.

కాంపాక్ట్ ఎస్‌యూవీ అనుకున్నాక పన్ను సంగతి ఒకటి తెలుసుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ లోపు ఉన్న కార్ల మీద జీఎస్‌టీ 18 శాతం. ఈ రెండింట్లో ఏ ఒక్కటి దాటినా 40 శాతం. మారుతిలో ఈ కోవలో అందరికీ తెలిసిన బ్రెజా నాలుగు మీటర్ల లోపే ఉన్నా దాని పెట్రోల్ ఇంజన్ 1462 సీసీ. అందుకని అది 40 శాతంలోకి వెళ్తుంది. నెక్సాన్ పెట్రోల్, 3ఎక్స్‌ఓ పెట్రోల్, స్కోడా కైలాక్ మూడూ 1200 సీసీ లోపు టర్బో ఇంజన్లు (గాలిని ఒత్తిడితో లోపలికి పంపి బలం పెంచేవి), 18 శాతంలోనే ఉంటాయి. అంటే మీ 12 లక్షల్లో కొంత భాగం పన్నుకు పోకుండా కారులోకే వెళ్తుంది. టర్బో కావడంతో టార్క్ కూడా మీ పాత డీజిల్‌కు దగ్గరగా వస్తుంది. కైలాక్‌ది 178, నెక్సాన్‌ది 170, 3ఎక్స్‌ఓలో తక్కువ వేరియంట్లలో వచ్చే ఇంజన్‌దే 200 న్యూటన్ మీటర్లు. ఈ మూడింటికీ భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలున్నాయి, మూడింట్లోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని వేరియంట్లకూ వస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: టర్బో పెట్రోల్‌ను గట్టిగా తొక్కితే మైలేజీ బాగా పడిపోతుంది. మీ డిజైర్ ఇచ్చిన మైలేజీని దీని నుంచి ఆశించవద్దు.

మళ్లీ డీజిలే తీసుకుంటే ఎలా ఉంటుందని మీకు అనిపించవచ్చు. నెలకు 900 కిలోమీటర్లు, అందులో ఎక్కువ స్కూలు తిరుగుడు అన్నారు కాబట్టి వద్దు. బీఎస్6 డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టర్ ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకోవాలంటే హైవే మీద కొంతసేపు ఆగకుండా పరిగెత్తాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగితే అది మూసుకుపోయి లైటు వెలుగుతుంది, వర్క్‌షాపు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇప్పుడు మొదట చెప్పిన షరతు దగ్గరికి వద్దాం. షోరూము అద్దాల వెనక కాఫీ తాగితే ఏమీ తెలియదు. మీకు దగ్గర్లో ఉన్న ఆ కంపెనీల సర్వీస్ సెంటర్లకు పనిరోజున ఉదయం తొమ్మిది, పది మధ్యలో వెళ్లండి. బండ్లు ఇచ్చేవాళ్లు అప్పుడే వస్తారు. సాయంత్రం ఐదు తర్వాత ఇంకోసారి వెళ్లండి, బండ్లు తీసుకెళ్లేవాళ్లు అప్పుడు వస్తారు. ముగ్గురు నలుగురిని పలకరించండి. "చెప్పిన రోజుకు ఇచ్చారా? చెప్పిన బిల్లే వేశారా? అదే కంప్లయింట్‌తో మళ్లీ రావాల్సి వచ్చిందా?" అని ఈ మూడూ అడిగితే చాలు. మన జిల్లాల్లో జనం ఇలాంటివి దాచుకోరు, మంచి అయినా చెడు అయినా చెప్పేస్తారు.

తర్వాత స్పేర్ పార్ట్స్ కౌంటర్ దగ్గరికి వెళ్లి మీరు అనుకుంటున్న మోడల్‌కు ముందు బంపర్, హెడ్‌లైట్, ముందు అద్దం, క్లచ్ సెట్, బ్రేక్ ప్యాడ్లు ఎంతో, ఇప్పుడు స్టాకులో ఉన్నాయా, లేకపోతే ఎన్ని రోజులకు వస్తాయో అడిగి రాసుకోండి. ఫిల్టర్లు, ఆయిల్ ఎక్కడైనా ఉంటాయి. చిన్న యాక్సిడెంట్ అయినప్పుడు కారు నెల రోజులు షెడ్డులో పడి ఉండేది బంపర్, లైటు, తలుపు లాంటి వాటి కోసమే. డెంటింగ్, పెయింటింగ్ అక్కడే చేస్తారా, హైదరాబాద్ పంపిస్తారా? క్యాష్‌లెస్ ఇన్సూరెన్స్ ఏయే కంపెనీలవి నడుస్తాయి? రోడ్డు మీద ఆగిపోతే వ్యాన్ ఎక్కడి నుంచి వస్తుంది? ఇవన్నీ అడగండి. జవాబు చెప్పడానికి విసుక్కునే చోట రేపు మీ బండికి ఏ గతి పడుతుందో ఊహించుకోవచ్చు. ఈ తిరుగుడుకు మీ మామగారిని వెంట తీసుకెళ్లండి. ఆయనతో ఇంట్లో వాదించి గెలిచే బదులు ఆయన అనుభవాన్ని అక్కడ వాడుకోండి. ఏ ప్రశ్నలు అడగాలో ఆయనకు మనకంటే బాగా తెలుసు. వర్క్‌షాపు ఆయనకు నచ్చితే రేపు చిన్న రిపేరు వచ్చినా "నేను చెప్పానా" అనే మాట ఇంట్లో రాదు.

నా లెక్క ప్రకారం, నెక్సాన్, 3ఎక్స్‌ఓ, కైలాక్‌లలో ఏ కంపెనీ వర్క్‌షాపు మీకు తృప్తినిస్తుందో ఆ కారు తీసుకోండి. రెండు వర్క్‌షాపులు బాగున్నాయనిపిస్తే మీ శ్రీమతికి, అమ్మగారికి ఏది నచ్చితే అది. మూడూ నచ్చకపోతే, లేదా మరీ దూరమైతే, కొత్త డిజైర్ తీసుకోండి. ఐదు నక్షత్రాలున్నాయి, పొదుపుగా నడుస్తుంది, వర్క్‌షాపు మీకు తెలిసిందే. ఘాట్ మీద కాస్త నెమ్మది, అమ్మగారికి కాస్త ఇబ్బంది. ఆ రెండూ తట్టుకోగలిగినవే. ఏ కంపెనీ అయినా మార్కెట్లోకి వచ్చి ఆరు నెలలైనా కాని మోడల్ మాత్రం తీసుకోకండి. కొత్త కంపెనీ, కొత్త మోడల్ రెండూ ఒకేసారి నెత్తిన పెట్టుకోవద్దు.

డబ్బు విషయంలో కొన్ని జాగ్రత్తలు. ఆన్‌రోడ్ 12 లక్షలు అంటే ఎక్స్‌షోరూమ్ ధర పది లక్షల లోపే ఉండాలి. పది దాటితే తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ శ్లాబు కూడా మారుతుంది. పాత కారు మీ పేరునే ఉంచుకుని కొత్తదీ మీ పేరునే రిజిస్టర్ చేయిస్తే రెండో బండి కింద పన్ను ఎక్కువ పడవచ్చు, అది ముందే కనుక్కోండి. మారుతి షోరూములో పాత కస్టమర్ కాబట్టి లాయల్టీ బోనస్ ఇస్తామంటారు, ఇంకో కంపెనీలో మా దగ్గరికి వస్తున్నారు కాబట్టి ఎక్స్ఛేంజ్ బోనస్ అంటారు. పాత కారు ధర, బోనస్, డిస్కౌంట్ మూడూ విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. కలిపి చెబితే పాత కారు ధరలో తగ్గించిందే బోనస్‌గా తిరిగి ఇస్తున్నారేమో తెలియదు. పాత కార్లు కొనేవాళ్ల దగ్గర కూడా ఒకటి రెండు ధరలు తెలుసుకుని వెళ్లండి.

నో క్లెయిమ్ బోనస్ గురించి చాలామంది పొరపడతారు. అది కారుకు కాదు, మీకు వచ్చింది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ చేయకుండా ఉంటే సొంత కారు డ్యామేజీకి కట్టే ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది. కంపెనీ మార్చినా, షోరూము మార్చినా అది మీ వెంటే కొత్త కారు ఇన్సూరెన్స్‌కు వస్తుంది. పాత కారు అమ్మేటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఆ బోనస్ ఎంతో తెలిపే లెటర్ తీసుకోండి, మూడేళ్ల వరకు చెల్లుతుంది. ఇన్సూరెన్స్ షోరూము వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు. బయట అడిగి చూసి, ఆ ధర వాళ్లకు చూపిస్తే తగ్గించడం మామూలే.

ఎక్స్‌టెండెడ్ వారంటీ మాత్రం కంపెనీది, కారు కొన్న రోజే తీసుకోండి. కంపెనీ మారుతున్నవాళ్లకు నేను తప్పనిసరిగా చెప్పే ఒకే ఒక అదనపు ఖర్చు ఇది. సర్వీసులన్నీ గడువులోపు చేయించి బిల్లులు ఒక ఫైల్లో పెట్టుకోండి, వారంటీ క్లెయిమ్ చేసేటప్పుడు అవే అడుగుతారు.

పాత డిజైర్‌ను అమ్మే పని కొత్తది డెలివరీ తీసుకునే ముందే ఖాయం చేసుకోండి. బండిని కొన్నవాళ్ల పేరుకు మార్చే 29, 30 నంబరు ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి ఊరుకోకండి. కొనుక్కున్న వ్యక్తి పేరు మీదకు ఆర్సీ మారిందో లేదో నెల రోజుల్లో ప్రభుత్వ పరివాహన్ సైట్లో బండి నంబరు కొట్టి చూడండి. మారకపోతే షోరూముకైనా, కొన్న మనిషికైనా వెంటనే ఫోన్ చేయండి. ఆర్సీ మీ పేరున ఉన్నంత కాలం ఆ బండికి పడే చలాన్లు, జరిగే ప్రమాదాల బాధ్యత మీ మెడకే చుట్టుకుంటుంది. అప్పిచ్చిన బ్యాంకు పేరు ఇంకా ఆర్సీ మీద ఉంటే, లోన్ ఎప్పుడో తీరిపోయినా సరే, బ్యాంకు నుంచి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ తెచ్చి దాన్ని తీయించాకే బేరం మొదలుపెట్టండి.